ఏ ఆకో చెప్పలేదు

పున్నమ్మకు కోపం ఎక్కువని మా ఊళ్ళో చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళలో సగం మంది ఆమె చేత ఏదో ఒక రోజు తిట్లు తిన్నవాళ్ళే. నేనూ తిన్నాను. నాకు పడ్డ తిట్లు న్యాయంగా పడ్డాయి కాబట్టే ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కూర్చున్నాను. ఆమెకు కోపం ఎక్కువేమీ కాదు, తెప్పించినవాళ్ళం ఎక్కువ.

నా పేరు రామాంజనేయులు. పర్చూరు దగ్గర ఒక పొగాకు గ్రేడింగ్ షెడ్డులో ఇరవై రెండేళ్ళు సూపర్‌వైజరుగా చేశాను. ఫిబ్రవరి నుంచి వానాకాలం సగం దాకా మా షెడ్డులో రెండొందల మంది ఆడవాళ్ళు నేల మీద బారులు తీరి కూర్చుని పొగాకు ఏరుతారు. రంగు చూసి, దళసరి చూసి, మచ్చ చూసి వేటికి వాటిని వేరు చేస్తారు. ఆ ముఠాకు మేస్త్రీ పున్నమ్మ. కళ్ళు మూసుకుని ఆకును రెండు వేళ్ళ మధ్య రాసి ఏ గ్రేడో చెప్పేది. నేను కాగితం చూసి చెప్పిందానికన్నా ఆమె వేళ్ళు చెప్పిందే బయ్యరు నమ్మేవాడు. మొదట్లో దానికి నాకు ఒళ్ళు మండేది. తర్వాత నేనూ ఆమెనే అడిగి రాసుకోవడం మొదలుపెట్టాను.

ఇక్కడ మా వైపు మాట ఒకటి చెప్పాలి. మాకు ఆకు అంటే పొగాకే. ఆకు వేశారా అంటే పొగాకు నాటారా అని అర్థం. ఈ ఏడు ఆకు బాగుంది అంటే ఆ రైతు కొత్త చొక్కా కుట్టించుకుంటాడని అర్థం. తమలపాకును కూడా మేము పూర్తి పేరు పెట్టి పిలుస్తాం. ఉత్త ఆకు అనే పేరు మాత్రం పొగాకుకు రాసిచ్చేశాం. ఒక మనిషి బతుకు ఈ మాట దగ్గరే తలకిందులైంది.

పున్నమ్మ భర్త ఏసోబు సారా తాగి తాగి తొంభై ఒకటిలో పోయాడు. పిల్లలు లేరు. తర్వాత సారా వద్దని ఆడవాళ్ళు రోడ్డెక్కినప్పుడు వాళ్ళుండే పాలెం నుంచి మొదట బయల్దేరింది ఆమే. సారా ప్యాకెట్ల మూటను, వేలంలో సారా పాడుకున్న పాటదారు ఇంటి ముందే బోర్లించి కాళ్ళతో తొక్కింది. నిషేధం వచ్చింది. తొంభై ఏడులో ఆ నిషేధాన్ని ఎత్తేసి మళ్ళీ మందు దుకాణాలు తెరిచారు. ఆ రోజు షెడ్డులో ఆమె అన్న మాట అందరం విన్నాం. వద్దన్నన్నాళ్ళూ దొడ్డిదారిన వచ్చేది, ఇప్పుడు లైసెన్సు పట్టుకుని వీధిగుమ్మంలోంచి వస్తుంది, ఎటు వచ్చినా చేరేది మా కొంపకే గదా అంది.

ఆమెకు మిగిలినవాడు తమ్ముడు మార్క్. తల్లి పోయేనాటికి వాడికి ఐదేళ్ళు. పున్నమ్మే అన్నం కలిపి పెట్టి, పలక కొనిచ్చి, చెవులు మెలేసి పెంచింది. టెన్త్ తప్పాడు గాని ఒద్దికైనవాడు. ఆదివారం చర్చిలో వాడు డోలక్ వాయిస్తుంటే ముసలమ్మలు కూడా తలలూపేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళకు మార్టూరు దగ్గర ఒక గ్రానైటు పాలిషింగ్ యూనిట్‌లో పనికి చేరాడు. కాళ్ళ కింద రాతి బురద, రోజుకు పన్నెండు గంటలు చెవులు దిబ్బళ్ళు వేసే మోత. అక్కడే షెడ్డు పక్క రేకుల గదిలో నలుగురితో కలిసి ఉండేవాడు, ఆదివారం ఇంటికి వచ్చేవాడు. తాగడు, పేకాడడు. మా పాస్టరు జక్రయ్య గారు వాణ్ణి గంజాయి వనంలో తులసి మొక్క అని పదిమందిలో మెచ్చుకునేవారు. సామెతలను మనం ఎంత గుడ్డిగా వాడతామో తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి.

పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది మార్చిలో పని మీద అటు వెళ్ళి, హైవే పక్కన బుల్లయ్య అనేవాడి టీ కొట్టు దగ్గర ఆగాను. కొట్టు వెనక విరిగిన రాతి పలకల గుట్ట ఉంది. దాని మీద నలుగురు కూర్చుని ఒకే బీడీని చేతులు మార్చుకుంటున్నారు. ఏళ్ళ తరబడి పొగాకు వాసనలో బతికినవాడికి పొగాకు కాని వాసన ఇట్టే తెలుస్తుంది. నలుగురిలో ఒకడు మార్క్. నన్ను చూసి లేచి నిలబడి నమస్తే అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. బుల్లయ్య గ్లాసులు తొలుస్తూ, మోతకు తట్టుకోలేక కుర్రాళ్ళు కాస్త ఆకు కొడతారు లెండి అన్నాడు, అదేదో జీలకర్ర నమిలినంత మామూలుగా. వాళ్ళు గంజాయిని ఆకంటారని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు పున్నమ్మకు చెప్పాను. చెప్పాననే ఏడాది పాటు అనుకున్నాను.

షెడ్డులో చుట్టూ ఆడవాళ్ళున్నారు. గంజాయి అనే మాట నా నోటికి రాలేదు. ఆమె పరువు కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను గాని, కాపాడుకున్నది నా పెద్దమనిషితనాన్ని. పక్కన గొంతుక్కూర్చుని, గొంతు తగ్గించి, మీ మార్క్ ఆకు అలవాటు చేసుకున్నట్టున్నాడు పున్నమ్మా, కాస్త చూసుకో అన్నాను. ఆమె చేతిలోది కింద పెట్టకుండానే నవ్వింది.

"ఆకు ఊళ్ళో పుట్టి ఆకు తాగకుండా ఎట్టుంటాడు సారూ? మా నాయనమ్మ రోజుకు ఆరు చుట్టలు తాగేది. ఎనభై ఏళ్ళు బతికింది."

నేను తెల్లబోయాను. తెలిసీ ఇంత తేలిగ్గా తీసుకుందేమిటి అనుకున్నాను. పాలెంలో ఇవన్నీ మామూలేనేమో అని కూడా అనుకున్నాను. ఆ రెండో ఆలోచనకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి. పన్నెండేళ్ళుగా కళ్ళెదుట చూస్తున్న మనిషిని, సారా ప్యాకెట్లు తొక్కిన మనిషిని, అంతమాట అనుకోగలిగానంటే నా బుర్రలో ఏ కుళ్ళు ఉందో మీరే ఊహించుకోండి. ఇంకొక్కసారి విడమరిచి చెబితే సరిపోయేది. చెప్పలేదు. బేళ్ళు, లారీలు, నా పిల్ల పరీక్షలు, ఇట్లా నా పనుల్లో నేను పడిపోయాను.

రెండు వేల సంవత్సరం ఏప్రిల్లో మార్క్ పని మానేసి ఇంటికి వచ్చాడు. పాలిషింగ్ మిషను తన పేరు పెట్టి పిలుస్తోందన్నాడు. మొదట ఊరికే పేరు పిలిచేదట, తర్వాత బూతులు తిట్టడం మొదలుపెట్టిందట. ఇంటికి వచ్చినా ఆ గొంతు వెంటే వచ్చిందట. నిద్ర లేదు. అక్క అన్నంలో రాతిపొడి కలిపిందని కంచం గోడకేసి కొట్టాడు. ఆదివారం ప్రార్థన మధ్యలో లేచి, పాస్టరు తన రహస్యాలు మైకులో చదువుతున్నాడని కేకలు వేసి డోలక్‌ను తన్నాడు. గాలి సోకిందన్నారు. ఎవరో తాయెత్తు కట్టారు. జక్రయ్య గారు మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టారు.

ఈ సంగతి విని వాళ్ళింటికి వెళ్ళాను. మార్క్ మూలన మోకాళ్ళు ముడుచుకుని చెవులు మూసుకుని కూర్చున్నాడు. పున్నమ్మ నులకమంచం మీద ఉంది, మేస్త్రీలా లేదు. నాకు జాలితో పాటు చిరాకు కూడా వేసింది. ఇంతదాకా ఎందుకు రానిచ్చావు, నేను ముందే చెప్పానుగా అన్నాను. ఏం చెప్పారు అంది. ఆకు సంగతి అన్నాను.

"ఆకు తాగితే మతి పోయిద్దా సారూ?"

ఆమె ఆ ప్రశ్నను ఎత్తిపొడుపుగా అడగలేదు. తెలియక, తెలుసుకోవాలని అడిగింది. గోడ వంక చూస్తూ, అది పొగాకు కాదు పున్నమ్మా, గంజాయి అని అప్పుడు చెప్పాను. చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది. అన్నేళ్ళలో ఆమె నన్ను ఎప్పుడూ మీరు అనే పిలిచింది. ఆ రోజు నువ్వు అంది.

"గంజాయి అనడానికి నీకు నోరు పడిపోయిందా? ఆకు అంటివి. ఆకంటే నేనేమనుకుంటాను? పొద్దస్తమానం నా చేతిలో ఉండేదేంది? ఏడాది పాటు వాడు నా కళ్ళ ముందే పాడైపోతా ఉంటే, ఆకే గదా అని ఊరుకున్నాను. నా గుమ్మం దిగు."

దిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అనే సామెత దారి పొడుగునా నన్ను వెక్కిరిస్తూ వెంట వచ్చింది.

గుంటూరు ఆసుపత్రికి మాత్రం నేనూ వెళ్ళాను, పిలవకపోయినా. ఆమె నాతో అవసరమైన నాలుగు మాటలే మాట్లాడింది, అవీ నువ్వు అనే. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికగా చెప్పింది. గంజాయి తాగిన ప్రతివాడికీ ఇలా కాదట. చాలామంది తాగి మామూలుగానే తిరుగుతారట. అసలు చిక్కంతా అదేనట, పక్కవాడికి ఏమీ కాలేదు కదా అని వీడు తాగుతాడు. ఎవరి తల తట్టుకోదో ముందే చెప్పే పరీక్ష ఏదీ లేదు. చిన్నతనంలో మొదలుపెట్టి రోజూ తాగినవాళ్ళకు ముప్పు ఎక్కువ. మాత్రలు ఆపకూడదు, ఆ పొగ మళ్ళీ తగలకూడదు, ఈ రెండూ జరిగితే మనిషి దక్కుతాడు అంది. దక్కుతాడు అన్న ఆ ఒక్క మాటనూ పున్నమ్మ బస్సులో వస్తూ రెండుసార్లు పైకి అనుకుంది.

నాలుగు నెలలు దక్కాడు కూడా. నిద్ర పట్టింది. గొంతులు సన్నగిల్లి ఆగిపోయాయి. షెడ్డుకు అక్క క్యారేజీ తెచ్చి, బయట చెట్టు కింద కూర్చుని ఆమె తినేదాకా ఉండి గిన్నెలు తీసుకుపోయేవాడు. నన్ను చూసి సిగ్గుపడేవాడు. ఇక పున్నమ్మ కోపం దానికి తగిన చోటుకు వెళ్ళింది. బుల్లయ్య కొట్టుకు వెళ్ళి, బిస్కెట్ సీసాల వెనక ఉన్న కాగితం పొట్లాలను చెయ్యి పెట్టి బయటికి లాగింది. నేను అమ్మకపోతే ఇంకొకడు అమ్ముతాడక్కా అన్నాడట వాడు. ఆమె వాడి గ్లాసులన్నీ నేలకేసి కొట్టి, అక్కడి నుంచి తిన్నగా నా దగ్గరికి వచ్చి, పోలీసులకు అర్జీ రాయి అంది. రాశాను. ఈసారి గంజాయి అనే మాటను పెద్ద అక్షరాలతో మూడు చోట్ల రాశాను. స్టేషన్లో ఎస్సై ఆమెకు కుర్చీ వేయించి, మీలాంటివాళ్ళు ఉంటేనే మేం పని చేయగలం అన్నాడు.

ఇరవై రోజులకు దాడి జరిగింది. దాడి సంగతి బుల్లయ్యకు ముందే తెలిసింది. ఎలా తెలిసిందంటే, కంచే చేను మేసింది. కొట్టులో బిస్కెట్లు దొరికాయి, టీ పొడి దొరికింది. రాతిగుట్ట వెనక ముగ్గురు కూలీలు జేబుల్లో పొట్లాలతో దొరికారు. అర్జీ వచ్చింది గనక ఎవరో ఒకరిని చూపించాలి, ఆ ముగ్గురినే చూపించారు. ముగ్గురిలో ఒకడు మార్క్.

ఆ రోజు యూనిట్‌లో తన బట్టలు, దుప్పటి ఉండిపోయాయని, తెచ్చుకుంటానని చెప్పి వెళ్ళాడు. పొట్లం పోలీసులే పెట్టారని పాలెంలో కొందరన్నారు. పున్నమ్మ వాళ్ళ నోళ్ళు మూయించింది. తానే కొన్నానని వాడే ఆమెకు చెప్పాడు. వాసన తగలగానే కాళ్ళు అటు పోయాయట. అబద్ధం ఆడి తమ్ముణ్ణి వెనకేసుకొచ్చే రకం కాదు ఆమె.

అక్క ఇచ్చిన అర్జీకి తమ్ముడు జైలుకు పోయాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారే, ఆ పోటు ఎలా ఉంటుందో నేను ఆమె మొహంలో చూశాను. గుంటూరు లాయరు లక్ష్మీకాంత్ గారు పైసా తీసుకోకుండా వాడి తరపున నిలబడ్డారు, అయినా వాణ్ణి బయటికి తేవడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ పున్నమ్మ వారం వారం పని మానుకుని, మాత్రల పొట్లం, డాక్టరమ్మ చీటీ పట్టుకుని జైలు గేటు దగ్గర నిలబడింది. వాళ్ళు చీటీ తీసుకున్నారు. మాత్రలూ తీసుకున్నారు. ఆరు నెలల తర్వాత బయటికి వచ్చినవాడి చేతిలో ఆ మాత్రలు పెడితే, ఇవేంటక్కా అన్నాడు. లోపల పొగ మాత్రం దొరికిందట. అది బాగా గుర్తుంది వాడికి.

ఆ తర్వాత గొంతులు పోలేదు. మళ్ళీ మాత్రలు మొదలుపెట్టారు, మార్చారు, పెంచారు. ఈసారి డాక్టరమ్మ దక్కుతాడు అనే మాట వాడలేదు, చూద్దాం అంది. బుల్లయ్య కొట్టుకు కొత్త గ్లాసులు వచ్చాయి, కొత్త రేకులు కూడా వేశాడు. నేను ఇప్పటికీ ఆ దారిన పోతే మొహం పక్కకు తిప్పుకుంటాను, ఏదో నేనే తప్పు చేసినట్టు.

రెండు వేల మూడులో పర్చూరులో ఒక యువజన సంఘం వాళ్ళు ఆదివారం మధ్యాహ్నం సభ పెట్టారు. గంజాయి మీద నిషేధం ఉండాలా, ఎత్తేయాలా అన్నది విషయం. లక్ష్మీకాంత్ గారు ఎత్తేయాలన్నారు. ఆయన మాట్లాడుతుంటే వినాలనిపిస్తుంది. పొగాకు వల్ల చచ్చేవాళ్ళు దీనికన్నా ఎన్నో రెట్లు, దాన్ని మనం వేలం పెట్టి, ముద్ర వేసి అమ్ముకుంటున్నాం. మందుకు లైసెన్సు ఉంది. గంజాయి చిలుం పీల్చే సాధువుకు పాదనమస్కారం చేస్తాం. చట్టం మాత్రం రాయి మోసే కూలీ జేబు తడుముతుంది. ఈ ఊళ్ళోనే మార్క్ అనే కుర్రవాణ్ణి ఆ చట్టం ఏం చేసిందో చూడండి అన్నారు. పొగాకు షెడ్డు సూపర్‌వైజరుగా తల వంచుకుని విన్నాను. నామీద నాకే మంట పుట్టింది. తర్వాత ఎక్సైజులో చేసి రిటైరైన పెద్దమనిషి లేచి, తాగినవాడినీ అమ్మినవాడినీ ఒకే తాడుతో ఉరి తీయాలన్నాడు. చప్పట్లు బాగా పడ్డాయి.

వెనక వరసలో పున్నమ్మ లేచింది. ఆమె వచ్చిందని నాకు తెలియదు. చర్చికి కట్టుకునే తెల్లచీరలో ఉంది. మైకు ఇస్తామంటే వద్దంది, ఆ గొంతుకు మైకు అక్కర్లేదు.

"లాయరు గారూ, మీరు చేసిన మేలు మర్చిపోను. మావాణ్ణి జైలు చెడగొట్టిందన్నారు, నిజమే. దానికంటే ముందు గంజాయి చెడగొట్టింది, అదీ నిజమే గదా. ఇద్దరు కలిసి ఒకణ్ణి కొడితే, ఒకడు ఎక్కువ కొట్టాడని రెండోవాడికి లైసెన్సు ఇస్తారా?"

హాల్లో నవ్వులు వచ్చాయి. ఆమె నవ్వలేదు. లైసెన్సు ఇస్తే మంచి సరుకు అమ్ముతారని, దొంగచాటు పోతుందని ఎవరో కుర్రవాడు అందించబోయాడు. తన మొగుడు చచ్చింది పాట పాడి అమ్మిన సారాతోనేనని, దొంగసారాతో కాదని, గవర్నమెంటు ముద్ర ఉన్నంత మాత్రాన కాలేయం మర్యాద చూపదని ఆమె వాడికి చెప్పింది. తర్వాత ఎక్సైజు పెద్దమనిషి వైపు తిరిగింది. తాగినవాడు జబ్బుపడ్డవాడు, వాణ్ణి ఆసుపత్రికి తోలాలి గాని జైలుకు కాదంది. అమ్మేవాడి కొట్టు ఎక్కడుందో బడికెళ్ళే పిల్లలకు కూడా తెలుసు, మీకెందుకు తెలియలేదంది. ఆయన కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

లక్ష్మీకాంత్ గారు కోపం తెచ్చుకోలేదు. చట్టం ఉండాలా వద్దా, ఒక్కమాటలో చెప్పమ్మా అన్నారు. ఉండాలి, ఉండి అమ్మేవాడి మీద పని చెయ్యాలి, చెయ్యకపోతే దాన్ని పటం కట్టి గోడకు వేలాడదీసుకోండి అంది. ఆయన, మార్క్ ఎలా ఉన్నాడు అని మెల్లగా అడిగారు. పున్నమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసి అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించింది.

"మీ జైలు ఆరు నెలలే లాయరు గారూ. నా జైలుకు రెండేళ్ళు నిండినాయి. పనికి పోయేటప్పుడు వాణ్ణి లోపల పెట్టి తాళం వేసి పోతా. వెయ్యకపోతే హైవే ఎక్కి లారీలకు అడ్డం పోతాడు. అక్కా, అక్కా అని తలుపు కొట్టుకుంటా ఉంటాడు. ఆ కేక ఇనపడని చోటు దాకా గబగబా నడుస్తా."

ఆమె తాళంచెవిని మళ్ళీ బొడ్లో దోపుకుంది.

"మీరు మాట్లాడుకోండి. పొద్దున ఎనిమిదింటికి వేసిన తాళం. పోయి తియ్యాలి."

సభ ఇంకో గంట నడిచింది. నేను చివరిదాకా కూర్చున్నాను.